వదిన మింగని మాత్రలు

చొక్కా ఇస్త్రీ చేస్తుంటే కింది అంచు దగ్గర పెట్టె ఎగుడుదిగుడుగా కదిలింది. మడతలో ఏదో చిక్కుకుందనుకుని వేలితో తడిమాను. శనగగింజంత గట్టిది ఒకటి తగిలింది. దాని పక్కన ఇంకొకటి. వరసగా తొమ్మిది ఉన్నాయి.

అది మా ఆయన కోసం వదిన కుట్టిన చొక్కా. ఆయనకి ఇంకో మూడు రోజుల్లో గుండె ఆపరేషన్. ఛాతీ ఎముక కోసి, పాడైన కవాటం తీసేసి, లోహంతో చేసింది పెడతారు. రెండు నెలల దాకా చేతులు పైకెత్తకూడదని డాక్టరు అనగానే వదిన మెత్తటి బట్ట తెచ్చి, ముందు వైపంతా తెరుచుకునేలా, గుండీలకి బదులు నాడాలు పెట్టి కుట్టింది.

కత్తెర మొనతో రెండు కుట్లు విప్పాను. పలచటి కాగితంలో చుట్టిన తెల్ల మాత్ర ఒకటి అరచేతిలోకి జారింది. మధ్యలో గీత ఉన్న మాత్ర. మా ఇంట్లో దాన్ని గుర్తుపట్టనివాళ్ళు లేరు. అది వదిన మూర్ఛ మాత్ర.

వదిన మా ఆయనకి అక్క. తల్లీ తండ్రీ పోయాక ఆయన్ని పెంచింది ఆవిడే. మూర్ఛల వల్ల పెళ్ళి కాలేదు. మా పెళ్ళయిన ఏడాది మూర్ఛ వచ్చి వేడి ఇస్త్రీపెట్టె మీద పడి ముంజేయి కాల్చుకుంది. అప్పుడు చూసిన డాక్టరు ఈ మాత్ర రాసి, "రోజూ సాయంత్రం వేసుకోవాలమ్మా. హఠాత్తుగా మానేశావంటే ప్రాణం మీదికి వస్తుంది, తర్వాత నన్ననొద్దు" అన్నాడు. పదిహేడేళ్ళుగా ఒక్క సాయంత్రం తప్పలేదు. మూర్ఛ కూడా మళ్ళీ రాలేదు.

చేతిలో మాత్ర పెట్టుకుని నిలబడ్డాక, అంతకు ముందు వారంలో జరిగినవన్నీ ఒకదాని వెనక ఒకటి గుర్తొచ్చాయి. ఎవరినీ ముట్టుకోనివ్వని పెద్ద కత్తెర మా అమ్మాయికిచ్చి, "ఇక నుంచి ఇది నీదేనే, కాగితాలు మాత్రం కత్తిరించకు" అంది. కుట్టమని బట్ట తెచ్చిన వాళ్ళని "వచ్చే నెల సంగతి నేను చెప్పలేను" అని తిప్పి పంపింది. పదిహేడేళ్ళలో కాజాలు, గుండీలు దాటి నన్ను రానివ్వని మనిషి, చంక దగ్గర బట్ట ఎలా కోయాలో కూర్చోబెట్టి మరీ నేర్పింది. తమ్ముడి ఆపరేషన్ కదా, తీరిక ఉండదని అనుకున్నాను.

మా ఇంట్లో ముందు గదే కుట్టు గది. వదిన బల్ల మీద బట్ట పరిచి గీతలు గీస్తోంది.

"వదినా, ఏంటిది?"

ఆవిడ తలెత్తి నా అరచేయి చూసింది. కంగారేమీ పడలేదు. పెదాల మధ్య పట్టుకున్న గుండుసూదులు ఒక్కొక్కటే తీసి డబ్బాలో వేసింది.

"ఆ తలుపు దగ్గరికి వెయ్యి. వాడు పడుకున్నాడు."

"ఎన్నాళ్ళ నుంచి మానేశావు?"

"ఆపరేషన్ తేదీ ఇచ్చిన రోజు నుంచి. తొమ్మిది రోజులు."

"నీకేమన్నా మతి పోయిందా?"

"ఉండబట్టే మానేశాను. ఇన్నేళ్ళూ ఈ మాత్రని అడ్డం పెట్టుకుని బతికాను. ఇప్పుడా అడ్డం తీశాను. దేవుడు ఒక ప్రాణం కోసం మా ఇంటి దాకా వచ్చేవాడే అయితే నా దగ్గరే ఆగమని. వాడి దాకా పోనక్కర్లేకుండా."

"దేవుడికి ఎర వేస్తారా ఎవరైనా?"

"నీకెందుకే అన్ని ప్రశ్నలు? నేను ఉరేసుకున్నానా, నూతిలో దూకానా? తలుపు తీసి కూర్చున్నాను. రావడం, రాకపోవడం ఆయన ఇష్టం. వాడి కోసం మానినవి వాడి ఒంటి మీదే ఉండాలని అంచులో పెట్టాను."

"ఇప్పుడే ఆయనకి చెప్తాను."

"చెప్పు. వాడు ఆపరేషన్ బల్ల ఎక్కుతాడేమో చూద్దాం."

మా ఆయన లిఫ్టు మెకానిక్. పదో అంతస్తులో తాడు పట్టుకుని కిందికి చూస్తారు గానీ సూది చూస్తే చెమటలు పడతాయి. అప్పటికే రెండుసార్లు తేదీ మార్పించుకున్నారు. ఈసారి డాక్టరు కళ్ళజోడు తీసి, "ఇంకోసారి వాయిదా వేస్తే మళ్ళీ నా దగ్గరికి రావాల్సిన అవసరం ఉండదు" అన్నాడు. ఆ మాటకి అర్థం అడగడానికి కూడా మాకు ధైర్యం చాలలేదు.

"మూడు రోజులే కదే అమ్మాయ్," వదిన గొంతు తగ్గించింది. "వాడు బయటికి రానీ. తర్వాత ఊరంతా చాటింపు వేసుకో."

చొక్కా తీసుకుని వెనక గదిలోకి వెళ్ళి మాత్ర మళ్ళీ కాగితంలో చుట్టి అంచులో పెట్టాను. విప్పిన రెండు కుట్లూ నా చేత్తోనే వేశాను.

ఆయన ఆపరేషన్ ఆగకూడదనే ఊరుకున్నానని ఎవరికైనా చెప్పొచ్చు. అది అబద్ధం కాదు. కానీ నాకు రావాల్సినంత కోపం రాలేదు. పైగా లోపల ఎక్కడో కాస్త తేలిక పడ్డాను. రోజూ ప్రార్థనలో ఆయన్ని, అమ్మాయిని, వదినని వరసగా తలుచుకుని చల్లగా చూడమని అడుగుతాను. ఆ సాయంత్రం ఆయనైపోయాక, అమ్మాయైపోయాక, కళ్ళు తెరిచేశాను. వదిన గురించి ఏమని అడగాలి? చల్లగా చూడమంటే ఆయన మాటేమిటి? మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే.

ఆ మూడు రోజులూ వదిన ఎక్కడుంటే నా చెవులు అక్కడున్నాయి. స్నానాల గదిలో చెంబు చప్పుడు ఆగితే తలుపు దగ్గరికి పరుగెత్తేదాన్ని. పొయ్యి దగ్గరికి వెళ్తే వెనకే వెళ్ళేదాన్ని. "ఏంటే, తోకలా తిరుగుతున్నావు? నేనేం పారిపోతున్నానా?" అని నవ్వేది. మా అమ్మాయి కూడా నవ్వేది. నేను ఆవిడని కాపలా కాస్తున్నానో, ఎదురు చూస్తున్నానో నాకే తెలియలేదు.

ఆపరేషన్ రోజు అమ్మాయిని పై వాటా వాళ్ళింట్లో దింపి ముగ్గురం ఆసుపత్రికి వెళ్ళాం. మా ఆయన్ని చక్రాల కుర్చీలో లిఫ్టు ఎక్కించారు. తలుపు మూసుకోగానే ఆయన తల వాల్చి విని, "తాడు ఎక్కడో ఒరుసుకుంటోంది బాబూ. మీవాళ్ళకి చెప్పు, వారం తిరక్కుండా ఆగిపోతుంది" అన్నారు.

కుర్చీ తోసేవాడు నవ్వాడు. "ముందు మీ సంగతి చూసుకోండి సార్."

"నా తాడు మీ డాక్టరు చూసుకుంటాడులే."

థియేటర్ తలుపు దగ్గర వదిన ఆయన తల నిమిరింది. "ఒరేయ్ తమ్ముడూ, భయపడకు. నేను మాట్లాడి పెట్టాను."

"ఎవరితో? డాక్టరుతోనా?"

"ఆయన కన్నా పైవాడితో."

ఆయన నవ్వుతూనే లోపలికి వెళ్ళారు. తలుపు మీద ఎర్ర దీపం వెలిగింది.

హాల్లో ఒకే కమ్మీకి బిగించిన ప్లాస్టిక్ కుర్చీలు. ఒకరు కదిలితే వరసంతా కదులుతుంది. వదిన నా పక్కన కూర్చుని కళ్ళు మూసుకుంది. రెండు గంటలు గడిచాయి. మూడో గంటలో కుర్చీ సన్నగా ఊగడం మొదలైంది. వదిన కుడిచెయ్యి ఒళ్ళో ఉంది. బట్ట నాణ్యం చూస్తున్నట్టు బొటనవేలితో చూపుడు వేలుని రాస్తోంది. ఆ వేళ్ళ మధ్య బట్ట లేదు.

"వదినా?"

కళ్ళు తెరిచే ఉన్నాయి. నన్ను చూడటం లేదు. పెదాలు చప్పరిస్తోంది. ఒక్కసారిగా ఒళ్ళంతా బిగుసుకుని, కుర్చీల వరసని లాక్కుంటూ నేల మీదికి జారిపోయింది.

ఎవరో అరిచారు. నర్సు పరుగెత్తుకొచ్చి వదినని పక్కకి తిప్పింది. నోటి నురగలో ఎర్రటి చార కనిపించింది.

"ఏమవుతారు మీకు? ఇంతకు ముందు నుంచీ ఉందా?"

"మా వదిన. ఉంది. చిన్నప్పటి నుంచీ."

"మందులు రోజూ వేసుకుంటున్నారా?"

నేను ఎర్ర దీపం వైపు చూశాను. ఆ తలుపు వెనక ఆయన ఛాతీ తెరిచి ఉంది. ఆయన గుండె ఆపి, యంత్రంతో రక్తం నడిపిస్తారని ముందే చెప్పారు. ఇప్పుడు నేను నిజం చెబితే వదిన తీసిన అడ్డం మళ్ళీ పడుతుంది. అప్పుడు ఆ వచ్చినవాడు ఎటు తిరుగుతాడు?

"వేసుకుంటోంది," అన్నాను.

వదినని స్ట్రెచర్ మీద వేసి నడవా చివర ఉన్న అత్యవసర గదిలోకి తీసుకెళ్ళారు. నేను అక్కడే నిలబడ్డాను. గోడ గడియారంలో పెద్ద ముల్లు నాలుగు గీతలు దాటింది. ప్రార్థించబోయి ఆగిపోయాను. అడిగితే ఏం అడుగుతున్నానో దేవుడికి తెలుసు. లోపలి నుంచి స్ట్రెచర్ కమ్మీకి కాలు టపటపా కొట్టుకుంటున్న చప్పుడు వినిపిస్తోంది. మిషన్ తొక్కే కాలు అది. ఆగడం లేదు.

పరుగెత్తాను.

"వేసుకోలేదు," అన్నాను తలుపు పట్టుకుని. "పన్నెండు రోజులుగా ఒక్కటీ వేసుకోలేదు."

నర్సు నా వైపు ఒక్క క్షణం చూసింది. "ఇందాకే చెప్పొచ్చుగా!" అని లోపలికి తిరిగి ఏదో మందు పేరు గట్టిగా అరిచింది. తలుపు మూసుకుంది.

మధ్యాహ్నం దాటాక సర్జన్ టోపీ తీస్తూ వచ్చాడు. "కవాటం బాగా కూర్చుందమ్మా. ఇబ్బందేమీ లేదు" అన్నాడు. దణ్ణం పెట్టాను. నా మొహం చూసి, నేను నమ్మలేదని అనుకున్నట్టున్నాడు. "బాగానే ఉందంటున్నాను," అని మళ్ళీ చెప్పాడు.

వదినకి రెండు రోజుల తర్వాత స్పృహ వచ్చింది. నాలుక వాచి ఉంది. మాట ముద్దగా వచ్చింది.

"వాడు?"

"బాగున్నారు. నిన్న కూర్చున్నారు కూడా."

ఆవిడ కళ్ళు మూసుకుంది. నిద్రపోయిందనుకున్నాను.

"చెప్పేశావా?"

"చెప్పాను."

"ఎప్పుడు? వాడు బల్ల మీద ఉండగానా, దిగాకా?"

అబద్ధం చెప్పొచ్చు. అప్పటికే ఒకటి చెప్పి ఉన్నాను. "ఉండగానే," అన్నాను.

"అయితే సగంలో విప్పేశావన్నమాట," అంది.

"వదినా, నువ్వు పోయేదానివి."

"దానికే కదే కూర్చున్నది."

మూడు వారాలైంది. ఇద్దరూ ఇంటికొచ్చారు. ఆయన గురించి బెంగపడి, కంగారులో మాత్రలు మర్చిపోయి అక్క పడిపోయిందని మా ఆయనకి చెప్పాం. "నా గుండె కోస్తే నీకెందుకే మూర్ఛ?" అని ఆయన రోజూ ఆవిడని ఆట పట్టిస్తున్నారు. కొత్త కవాటానికి చప్పుడుంది. గది నిశ్శబ్దంగా ఉంటే చేతి గడియారంలా టిక్కు టిక్కుమంటుంది. మా అమ్మాయి చొక్కాకి చెవి ఆనించి, "నాన్నకి ఇక టైము అడగక్కర్లేదు" అంటుంది. రక్తం గడ్డకట్టకుండా ఆయన కూడా జీవితాంతం రోజూ సాయంత్రం ఒక మాత్ర వేసుకోవాలట. అందుకని ఒకే పళ్ళెంలో రెండు మాత్రలు, రెండు గ్లాసులు పెట్టి తెస్తాను.

"రావే అక్కా, నీకూ నాకూ జత కుదిరింది," అంటూ ఆయన గుటుక్కున మింగేస్తారు. వదిన మాత్రని వేళ్ళ మధ్య పట్టుకుని కూర్చుంటుంది. నేను కదలకుండా నిలబడతాను. మొదటి రోజు ఆయన లేచి గదిలోకి వెళ్ళాక, నేను చేసింది కూడా ఆవిడకి చెప్పాను. మూడు రోజులు ప్రార్థనలో ఆవిడని వదిలేశానని, నర్సుకి అబద్ధమాడానని. "నువ్వు పోతే అది నీ మొక్కు కాదు వదినా, నా చేతి పని" అన్నాను. ఆవిడ తిట్టలేదు. "నువ్వూ అడిగావన్నమాట," అని మాత్ర నోట్లో వేసుకుంది.

దేవుడు అలాంటి బేరాలు వింటాడని నేననుకోను. ఆయన అంత చిన్నవాడు కాదు. పగలంతా ఆ మాట నాకు నేనే చెప్పుకుంటాను. సాయంత్రం పళ్ళెం పట్టుకునేసరికి ఆ నమ్మకం ఎటు పోతుందో తెలియదు.

నిన్న కూడా అంతే. వదిన నీళ్ళు తాగింది. మాత్ర గొంతు దిగుతున్నంతసేపూ ఆవిడ తమ్ముడి ఛాతీ వైపే చూసింది. నేనూ అటే చూశాను.

"ఏంటి మీ ఇద్దరూ?" అన్నారు మా ఆయన. "అంతస్తుల మధ్య ఆగిన లిఫ్టుని చూసినట్టు చూస్తారేంటి నన్ను?"



"నోరు తెరువు వదినా," అన్నాను.

తెరిచింది. నాలుక ఎత్తి చూపించింది. ఏమీ లేదు. గదిలో టిక్కు టిక్కుమని వినిపిస్తూనే ఉంది. వదిన ఇంకాసేపు విని, గ్లాసు నా చేతికిచ్చింది.

"ఇవాళ్టికి," అంది.