మూడు గంటల పిలుపు

పిలిస్తే పలికేలా ఇంట్లో లైట్లు నడిపే కంపెనీ నెలాఖరుకి దుకాణం కట్టేస్తున్నామని కబురు పెట్టింది. కుట్టుమిషన్ల మెకానిక్‌కి కాళ్లూ చేతులూ ఆడలేదు. లైట్ల కోసం కాదు, ఆమాత్రం స్విచ్ నొక్కుకోలేనివాడా? ఆయన భయమల్లా పిలుపు గురించే.

భార్య పోయి ఎనిమిది నెలలు. లైటు వెలగడానికి ఏదో ఒక మాట పెట్టుకోమంటే, ఆ మహాతల్లి నోటికి అలవాటైందని "ఏమండీ" అని పెట్టింది. ఇంకేముంది, మొగుణ్ణి పిలిచినప్పుడల్లా ముందు లైటు పలికేది, తర్వాత మొగుడు. ఇప్పుడావిడ లేదు. అయినా రోజూ మధ్యాహ్నం మూడింటికి, భోంచేసి కునుకు తీసే వేళకి, "ఏమండీ" అని వినపడుతుంది. కళ్లు తెరిస్తే హాల్లో లైటు వెలుగుతూ ఉంటుంది. పిచ్చి పట్టిందంటారని ఆయన ఎవరికీ చెప్పలేదు.

ఆదివారం కంప్యూటర్లు బాగుచేసే బావమరిది, లైట్లకి వేరే ఏర్పాటు చేస్తానని వచ్చాడు.

"పెద్ద సాఫ్ట్‌వేర్ నీకు దండగ బావా. ఇది తేలిక. అగ్గిపెట్టెంత కంప్యూటర్‌లో ఇంట్లోనే నడుస్తుంది, మాట గడప దాటదు. కాకపోతే ఒక్క మాటే నేర్చుకుంటుంది. 'లైటు' అని పెట్టనా?"

"వద్దు. మీ అక్క మాటే ఉండాలి. రోజూ పిలుస్తోందిరా."

బావమరిది కంపెనీ దాచిన మాటల రికార్డులు ఫోన్లో తెరిచి, నిన్న మూడింటిది వినిపించాడు. "ఏమండీ..." ఆ సాగదీత అచ్చం అక్కదే. గొంతు మాత్రం బావది, నిద్రమత్తులో.

మెకానిక్ మొన్నటిదీ పెట్టమన్నాడు, అటు మొన్నటిదీ పెట్టమన్నాడు. అన్నీ తన గొంతే. ఇన్నాళ్లూ తనని తనే పిలుచుకుని, తనే ఉలిక్కిపడి లేచాడన్నమాట. ఆవిడ ఇవాళే పోయినట్టనిపించింది.

"పోనీ మాట మార్చేద్దామా బావా?"

"అదే ఉంచు. నా గొంతుతోనే నేర్పుతాను. ఆ మాట ఎవరో ఒకరు అనాలి కదరా ఈ ఇంట్లో."

ముప్పైసార్లు చెప్పాలట. బావమరిది వంటింట్లోకి వెళ్లి వైర్లు సర్దుతుంటే, హాల్లో ఆయన కళ్లు మూసుకుని మొదలుపెట్టాడు. ముందు నాలుగైదుసార్లు దగ్గుతోనే సరిపోయింది. పదోసారికి మాట దారిలో పడింది. పదకొండోసారి "ఏమండీ..." అని ఇంకాస్త సాగదీశాడు.

"బావ హాల్లోనే ఉన్నాడక్కా," అన్నాడు వంటింట్లోంచి బావమరిది, పని ధ్యాసలో.