నాలుగో స్నానాల గది

స్నానాల గదిలోకి వెళ్లేటప్పుడు మన కాలు ఒక మెట్టు కిందికి పడుతుంది. నీళ్లు ఇంట్లోకి రాకుండా వదిలిన ఆ జానెడు పల్లం గురించి మనమెవరం రెండోసారి ఆలోచించం. ఆలోచించేవాడు ఒకడున్నాడు. ఇనుప కడ్డీలు వంచి కట్టడం అతని పని. కడ్డీ చివర కొక్కెం సరిగ్గా లేకపోతే అతనికి అన్నం సహించదు, అందుకని అందరూ కొక్కెం మేస్త్రి అనేవారు.

ఆరో అంతస్తు స్లాబులో ఎనిమిది స్నానాల గదులు. మెట్లెక్కగానే ఎదురయ్యే మొదటిదాన్ని మేస్త్రీ, అతని భార్యా నగిషీ చెక్కినట్టు కట్టారు. బయటి ఇంటి నేల కడ్డీ మెట్టు మూల దాటి లోపలికి పోవాలి, పల్లంలోని కడ్డీ కూడా మూల దాటి పోవాలి, అప్పుడే పట్టు. అలా కాక ఒకే కడ్డీని మెట్టు వెంట మడిచి లాగేస్తే, బరువు పడినప్పుడల్లా అది తిన్నగా సాగాలని చూస్తుంది, మూలనున్న కాంక్రీటును పగలదోస్తుంది.

పని సరిగ్గా చేయడానికి ఒక పూట పట్టింది. సూపర్‌వైజరుకు ఒళ్లు మండిపోయి, మిగతా ఏడింటికీ వేరే ముఠాను దింపి, ఒకే కడ్డీ మడతతో ఇట్టే కానిచ్చేశాడు.

మేస్త్రి ఆ ఏడూ తిరిగి చూసి నాలుగోదాని దగ్గర ఆగాడు. కిందటి వారమే ఒక పంతులమ్మ, చేతికర్రతో నడిచే తండ్రిని వెంటబెట్టుకొచ్చి తమ ఫ్లాటు ఏదని అడిగితే, వాళ్ల స్నానాల గది రాబోయే ఈ నాలుగో చోటు చూపించింది అతనే. పెద్దాయన స్లాబు కోసం పరిచిన చెక్కల్ని కర్రతో తట్టి, "గట్టిగా కట్టు నాయనా. నేను జారితే గోడ పట్టుకుంటాను, నేలే జారితే ఏం పట్టుకోను?" అన్నాడు.

మేస్త్రి సైటు ఇంజనీరు దగ్గరికి పోయాడు. ఆయన డ్రాయింగు చూసి, నువ్వన్నదే నిజమని ఒప్పుకున్నాడు, కానీ మూడింటికల్లా కాంక్రీటు లారీలు వచ్చేస్తాయి, ఆపడం తన చేతుల్లో లేదట. మరి ఎవరి చేతుల్లో ఉందో ఆయనకు నిజంగానే తెలీదు పాపం.

ఆలుమగలిద్దరూ తిండి మానేసి నాలుగో గది కడ్డీలు విప్పడం మొదలెట్టారు. సగం విప్పారో లేదో సూపర్‌వైజరు వచ్చి పట్టకారు లాక్కున్నాడు. ముఠా మళ్లీ ఎప్పటిలాగే కట్టేసింది.

తనిఖీకి వచ్చిన పెద్దమనిషి మెట్లెక్కగానే మొదటి గది చూసి మెచ్చుకుని ఫోటో తీసుకున్నాడు. నాలుగోది కూడా చూడమని మేస్త్రి బతిమాలాడు.

"అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలదూ?" అని నవ్వి, సంతకం పెట్టి దిగిపోయాడు. మూడింటికి కాంక్రీటు పడింది. ఎనిమిదీ ఒకే రంగులో కలిసిపోయాయి.

దిగుతూ భార్య అంది: "మెతుకు పట్టి చూడాలంటే అన్నమంతా ఒకే కుండలో ఉడకాలి కదయ్యా. ఆ మాట అనలేకపోయావా?"

"తోచింది, కానీ ఆయన సంతకం పెట్టి దిగిపోయాక," అన్నాడు.

ఏడాది తర్వాత పక్క భవనంలో పని చేస్తుంటే పంతులమ్మ వెతుక్కుంటూ వచ్చింది. చేతిలో ఫ్లాటు తాళాలతో పాటు ఇచ్చిన ఫోటో, తనిఖీ నాడు తీసిన మొదటి గదిదే.

"ఇది మీ చేతి పనట కదా. దీన్ని చూశాకే నాన్న ధైర్యంగా ఆ మెట్టు దిగుతున్నారు."

"అది మొదటి గదమ్మా. మీది నాలుగోది."

"అన్నీ ఒకలాంటివే కదా మేస్త్రీ," అని నవ్వుకుంటూ వెళ్లిపోయింది.

వెనక్కి పిలవాలని చెయ్యెత్తాడు. పిలిచి చెబితే మాత్రం ఆవిడేం చేస్తుంది, కాళ్ల కింది నేల తవ్వుకుంటుందా? చెయ్యి దించేశాడు. తన జన్మలో బాగా కట్టినవాటిలో ఆ మొదటి గది ఒక్కదాన్నే ఎందుకు కట్టానా అని ఏడ్చాడు.

అయ్యా, అమ్మా! ముందున్నదొకటి చూసి సంతకం పెట్టేవాళ్లు ఉన్నంతకాలం మంచి పనివాడి పనితనమే చెడ్డ పనికి దుప్పటి అవుతుంది. రేపు మీ ఇంటి స్లాబు దగ్గర నిలబడినప్పుడు, కాంక్రీటు పడకముందే నాలుగోది కూడా చూపించమని అడగండి.