మధ్యలో పెట్టిన కట్టలు

వరద షెడ్డులోకి వచ్చి పోయేసరికి ఎండుగడ్డి కట్టల్లో కింది రెండు వరసలు నానిపోయాయి. మూడు రోజులు ఆరబెట్టినా లోపలి చెమ్మ పోలేదు. పారేయమంది నా భార్య. నూట ఇరవై కట్టలు పారేయడానికి నాకు చేతులు రాలేదు. తడివి మధ్యలో పెట్టి చుట్టూ పొడివి పేర్చాను. కొనేవాడికి కనిపించేది అంచే కదా.

గాలాడని తడి గడ్డి లోలోపల వేడెక్కి దానంతటదే అంటుకుంటుందని ఈ వ్యాపారంలో అందరికీ తెలుసు. వారంలో అమ్మేస్తే ఆ గొడవ కొన్నవాడిదని నా లెక్క. కొనేవాళ్లు రాలేదు. వాళ్ల దారులూ వరదలోనే ఉన్నాయి.

తర్వాత ఎండలు ముదిరాయి, వడగాలి మొదలైంది. నిప్పుతో జాగ్రత్తని ఫోన్లకు హెచ్చరికలు వచ్చాయి. వరదకి కట్టలు ఎత్తి, గాలికి తాళ్లు బిగించి, నా నడుము అప్పటికే నాది కాకుండా పోయింది. ఆ మధ్యాహ్నం వదిన వచ్చి తన వంటగదిలో చుట్ట వాసన వస్తోందని చెప్పింది. అన్నయ్య పోయాక ఆ ఇంట్లో ఆవిడ ఒక్కతే. ఆ వంటగదికీ నా షెడ్డుకీ గోడ ఒకటే.

బావమరిదిని పిలిచి కుప్పలోకి ఇనుప ఊచ దించాం. పావుగంటాగి లాగి, లోపలికి దిగిన కొసను ముట్టుకుంటే వేలు చురుక్కుమంది.

"ఈ గాలిలో కట్టలు లాగితే భగ్గుమంటుంది. గాలి తగ్గేదాకా ఆగితే నిప్పు ఆగదు. మొత్తం తడిపి లాగాలి, పొడివి కూడా పోతాయి" అన్నాడు బావమరిది.

"పోనీ" అన్నాను.

"నీ నోట ఆ మాట వినడం ఇదే మొదలు బావా."

వదినను బయటికి రమ్మని మోటారు వేశాం. తడపడం, లాగడం, మళ్లీ తడపడం. మధ్య కట్టలు కాఫీ రంగుకి తిరిగి పొగలు కక్కాయి. ఒకటి అంటుకుంటే నా భార్య తడి గోనె వేసి తొక్కింది. పొద్దు వాలేసరికి నా సరుకంతా వాకిట్లో బురద. ఇల్లు మాత్రం నిలిచింది.

లోపలికి వెళ్లొచ్చా అని వదిన అడిగింది. గోడకు చెయ్యి ఆనించి చూశాను.

"ఇవాళ వద్దు వదినా, ఇంకా వేడిగానే ఉంది. తడివి మధ్యలో పెట్టింది నేనే."

"తెలుసు. పేరుస్తుంటే కిటికీలోంచి చూశాను."

"మరి అప్పుడే అనలేదేం?"

"గడ్డి సంగతి నాకంటే నీకు తెలుసనుకున్నాను."

ఆవిడ బకెట్ బోర్లించి దానిమీద కూర్చుంది. నేను గోడకి మళ్లీ నీళ్లు పట్టాను.