జెర్బో వేసిన శవం వేషం

మా ఆయన కులిగాకి క్షయ అని తేలాక నర్సు సాలిమాతా ఒక్కటే అడిగింది. ఆర్నెల్లపాటు రోజూ పొద్దున్నే ఈయన మాత్రలు మింగడం కళ్ళారా చూసేవాళ్ళు ఎవరున్నారని. నేనున్నానన్నాను. పెళ్ళాం మాట వినే మొహం కాదని ఆవిడకి చూడగానే తెలిసిపోయినట్టుంది, సామో తెగలో పరాచికాల చుట్టం ఎవరూ లేరా అంది.

లేకేం, పక్కింట్లోనే ఉన్నాడు. మేం మోసీ తెగవాళ్ళం, జెర్బో సామో. ఈ రెండు తెగలవాళ్ళూ ఒకరినొకరు ఎన్ని తిట్టుకున్నా కోపం తెచ్చుకోకూడదు, అడిగింది కాదనకూడదు. ముప్ఫై ఏళ్ళుగా ఈ ఇద్దరూ ఒకరి గురించి ఒకరు మంచిమాట అన్న పాపాన పోలేదు.

మర్నాటి నుంచి తెల్లారేసరికి జెర్బో హాజరు. పరగడుపున మూడు మాత్రలు. "మింగు బావా, నువ్వు పోతే ఇంత చవక బానిస నాకెక్కడ దొరుకుతాడు?" అనేవాడు. ముందు నీ పళ్ళలో ఇరుక్కున్న కుక్క మాంసం తీసుకోమని ఈయన. బుగ్గన వక్కలా నమిలే కోలాకాయ పెట్టుకుని, మాత్రలు నోట్లో వేసుకుని, నీళ్ళు తాగేవాడు.

రెండు నెలలకి దగ్గు పోయింది. మళ్ళీ సైకిళ్ళ రిపేరుకి కూచున్నాడు. ఆ మందుకి ఒంటేలు ఎర్రగా వస్తుంది, కంగారుపడొద్దని నర్సు ముందే చెప్పింది. ఒకరోజు చూద్దును కదా, దొడ్డిగోడ మీద ఎరుపు లేదు. వెతికితే పాత అంగీ జేబులో ముప్ఫై ఆరు మాత్రలు, కోలా రసం అంటుకుని. పన్నెండు రోజులవి. మాత్రల్ని బుగ్గన కోలాకాయ వెనక్కి తోసి, తర్వాత ఉమ్మేవాడన్నమాట.

"ఒంట్లో బాగానే ఉందిగా. మళ్ళీ దగ్గొస్తే పనికొస్తాయని దాచా" అన్నాడు.

జొన్నలు దాచినట్టు చెప్పాడు. ఒళ్ళు మండిపోయింది. మధ్యలో మానేస్తే చావని పురుగులు మొండికెత్తుతాయి, తర్వాత ఈ మాత్రలకి లొంగవు అని నర్సు చిలక్కి చెప్పినట్టు చెప్పింది. ఆ భయంతోనే వెళ్ళి జెర్బోకి చెప్పాను. మొదటిసారి అతను పరాచికం ఆడలేదు. ఈయన పండగ అంగీ అడిగి పట్టుకెళ్ళాడు.

తెల్లారి తలుపు తీస్తే వాకిట్లో చాప మీద జెర్బో, ఆ అంగీ తొడుక్కుని, చచ్చి పడుకున్నాడు. వాళ్ళావిడ "అయ్యో కులిగా" అని గుండెలు బాదుకుంటోంది. ఎవరైనా పోతే వాళ్ళ వేషం కట్టి నవ్వించడం పరాచికాల చుట్టాల ఆనవాయితీ. అది చూడ్డానికి జనం పోగయ్యారు, డప్పులొచ్చాయి, జొన్నసారా కుండలొచ్చాయి. మధ్యమధ్య శవం తల ఎత్తి, అచ్చం మా ఆయనలాగే దగ్గి, మళ్ళీ చచ్చిపోతోంది. ఒకడు చక్రం భుజాన వేసుకొచ్చి ఇక దీన్నెవరు బాగుచేస్తారని ఏడ్చాడు. నేను బతికే ఉన్నానని ఈయన మొత్తుకున్నా కూచోడానికి పీట ఇచ్చిన నాథుడు లేడు. ఒక ముసలామె అయితే ఈయన భుజం తట్టి, పోయినాయన నీకు బాగా కావాల్సినవాడా నాయనా అని అడిగింది.

కోపగించుకోవడానికి వీల్లేదు. చివరికి ఈయన శవం పక్కన గొంతుక్కూచున్నాడు.

"లే బావా, పరువు పోతోంది."

"నేనడిగింది ఇస్తే లేస్తా."

"ఏం కావాలి?"

"మిగిలిన నాలుగు నెలలు."

మా ఆయన లోపలికెళ్ళి, దాచిన మాత్రలన్నీ గుప్పిట పట్టుకొచ్చి, గబుక్కున నోటి దాకా తీసుకెళ్ళాడు. శవం చెయ్యి చాచి ఆ మణికట్టు పట్టుకుంది.

"అన్నీ ఒక్కసారి మింగితే నిజంగానే పోతావు. నర్సు దగ్గరికి పద. ఎన్ని, ఎలా అన్నది ఆవిడ చెబుతుంది."

లేవదీద్దామని వంగితే కనిపించింది, జెర్బో కళ్ళ కొసల నుంచి చెవుల దాకా తడి. వాళ్ళ వరసలో ఒకరి చావుకి ఒకరు ఏడవకూడదు. ఎవరూ చూడకముందే నా పైగుడ్డతో తుడిచేశాను.

మా ఆయన సైకిల్ తొక్కితే శవం వెనక కూచుంది. నర్సు ఇద్దరినీ తిట్టి, మళ్ళీ ఉమ్మి పరీక్ష చేయించి, ఎలా కొనసాగించాలో చెప్పింది. ఇప్పుడు కోలాకాయ మాత్రల తర్వాతే. జెర్బో రోజూ నాలుక కూడా ఎత్తించి చూస్తున్నాడు. పండగ అంగీ మాత్రం ఇంకా ఇవ్వలేదు. మందు పూర్తయిన రోజున ఇస్తానంటున్నాడు. అప్పటిదాకా అడగొద్దని నేనే ఈయనకి చెప్పాను.