రెండో దెబ్బ

మెల్కర్‌ని చూస్తే ఏస్కిల్‌కి ఒళ్ళు మంట. ఇరవై ఒక్కేళ్ళవాడు, అరటిపండు ఒలిచివ్వడానికి కూడా ఒక మనిషిని వెంటేసుకు తిరుగుతాడు. పాయింటు పోతే చాలు, తొడ పట్టుకుని వైద్యుణ్ణి పిలుస్తాడు. స్టాక్‌హోమ్ జనమంతా వాడి వెనకే. ముందు వరసల టిక్కెట్లు కొన్న కంపెనీల పెద్దమనుషులైతే ఆట సంగతి వదిలేసి గాజు గదిలో రొయ్యల శాండ్‌విచ్‌లు మెక్కుతున్నారు.

"వీడిదీ ఒక ఆటేనా? నాటకాల కంపెనీ!" అన్నాడు ఏస్కిల్, ఆట మొదలయ్యే ముందు.

"ముందు నీ ఆట చూసుకోరా," అన్నాడు కోచ్ హొకాన్.

ఏస్కిల్‌కి ముప్పై అయిదు. ఈ ఊళ్ళో అతనికిది ఆఖరి టెన్నిస్ టోర్నమెంటు. వలదగ్గర మెల్కర్ నవ్వి, "తాతా, మోకాళ్ళు జాగ్రత్త," అన్నాడు. అప్పుడే ఏస్కిల్ నిశ్చయించుకున్నాడు, వీణ్ణి మట్టి కరిపించాలని.

చెరో సెట్టూ గెలిచారు. మూడోది టైబ్రేక్‌దాకా వచ్చింది. అందులో ఏస్కిల్ ఆరు, మెల్కర్ అయిదు. ఇంకొక్క పాయింటు వస్తే ఏస్కిల్‌దే గెలుపు. మెల్కర్ బంతిని వల దాటీ దాటగానే పడేలా మెల్లగా వదిలాడు. ఏస్కిల్ పరుగెత్తి రాకెట్ చాపాడు. అప్పటికే బంతి రెండోసారి నేలకి తగిలింది, అంటే పాయింటు పోయినట్టే. ఆ దెబ్బ చప్పుడు అతనికి స్పష్టంగా వినిపించింది. అంపైర్ మాత్రం చూడలేదు. గీత దాటిందా లేదా అన్నది యంత్రం చెబుతుంది గానీ, ఎన్నిసార్లు పడిందో చెప్పదు. పాయింటు తనదేననుకుని మెల్కర్ ఆగిపోయాడు. బంతి అతని పక్కనుంచే పోయి గీత లోపల పడింది.

"గేమ్, సెట్, మ్యాచ్!" అన్నాడు అంపైర్.

మెల్కర్ వల దగ్గరికొచ్చాడు. "రెండుసార్లు పడింది. నీకు తెలుసు. చెప్పు."

"అది అంపైర్ పని."

మెల్కర్ అరవలేదు, రాకెట్ విసరలేదు. ఏస్కిల్‌ని కిందనుంచి పైదాకా ఒకసారి చూసి, చెయ్యి కలిపి వెళ్ళిపోయాడు.

"నేనూ చూశాన్రా," అన్నాడు హొకాన్, బట్టలు మార్చుకునే గదిలో.

"అయితే ఏం? వాడు చేసేవాటికంటేనా?"

హొకాన్ సంచీ భుజానికెత్తుకుని కాఫీకి పోయాడు. ఇతన్ని రమ్మనలేదు.

ఆ పాయింటు వీడియో రాత్రికల్లా ఊరి ఫోన్లన్నిటికీ ఎక్కింది. మర్నాడు రెండో రౌండులో ఏస్కిల్ సర్వీసుకి ముందు బంతిని నేలకి కొట్టగానే పై వరసల్లోంచి ఎవడో "ఒకటి!" అన్నాడు. మళ్ళీ కొడితే, పది గొంతులు "రెండు!" అన్నాయి. ఆ తర్వాత హాలంతా అందుకుంది. గాజు గదిలోవాళ్ళు కూడా బయటికొచ్చి మరీ లెక్కపెట్టారు.

'పనికిమాలిన మంద,' అనుకుందామని తలెత్తాడు ఏస్కిల్. చూపు నిలబడలేదు. ఇక బంతిని నేలకి కొట్టకుండానే సర్వీసు చేశాడు. రెండు బంతులూ వలలోకే పోయాయి. యాభై నిమిషాల్లో ఓడిపోయాడు.