నాన్న మానేసిన తాగుడు

"మా నాన్న తాగొచ్చి నా పుస్తకాలు చింపేసేవాడు," అని ఆ పిల్ల మైకులో చెబుతుండగా హాలు వెనక తలుపు తెరుచుకుంది. లోపలికి వచ్చింది వాళ్ల నాన్నే.

ఐసు ఫ్యాక్టరీ నుంచి నేరుగా వచ్చినట్టున్నాడు. ప్యాంటు మోకాళ్ల దాకా తడిసి ఉంది. చేపల రేవుకు వెళ్లే ఐసు దిమ్మెల్ని కొక్కెంతో లాగి, భుజానికెత్తి బండిలో వేయడం ఆయన పని. ఈ సభ సంగతి ఆ పిల్ల ఇంట్లో చెప్పలేదు. కూతురు వేదిక మీద మాట్లాడబోతోందని వీధిలో ఎవరో అంటే విని, పని మధ్యలో బతిమాలుకుని పరిగెత్తుకొచ్చాడు. కుర్చీ తడుస్తుందని కాబోలు, కూర్చోకుండా గోడ పక్కన నిలబడ్డాడు.

ఆమె ఆయన్ని చూసింది. అక్కడితో ఆగిపోవచ్చు. ఆగలేదు. కంఠతా పట్టిన మాటలు వాటంతటవే వచ్చేశాయి. నాన్న అమ్మను కొట్టడం, వీధిలో పరువు పోవడం, చివరకు కూతురి చదువు చూసి తాగుడు మానేయడం. ఉద్యోగాలివ్వడానికి వచ్చి ముందు వరసలో కూర్చున్న కంపెనీల వాళ్లు కళ్లు తుడుచుకున్నారు.

నిజానికి ఆయన జన్మలో చుక్క ముట్టలేదు.

ఆమె చదివే యూనివర్సిటీలో మొదటి ఏడాది పిల్లలందరికీ తప్పనిసరి కోర్సు ఒకటి ఉంది. కొత్త చోట ఎలా నిలదొక్కుకోవాలి, మన తీరు కాని మనుషులతో ఎలా మెలగాలి, దిగులు కమ్మితే ఏం చేయాలి, ఉద్యోగం ఇచ్చేవాళ్ల ముందు ఎలా మాట్లాడాలి, అన్నీ అందులోనే. పిల్లలు దాన్ని సర్దుబాటు క్లాసు అనేవాళ్లు. చేరిన కొత్తలో ఆ పిల్ల, నోరు విప్పితే నవ్వుతారేమోనని క్యాంటీన్‌కి కూడా వెళ్లకుండా కడుపు మాడ్చుకునేది. అది కనిపెట్టి పక్కన కూర్చోబెట్టుకుని, నెమ్మదిగా ఊపిరి తీసుకోవడం నేర్పింది ఆ క్లాసు మేడమే. అందుకే మేడం మాటంటే ఆమెకు తిరుగులేదు.

ఏడాది చివర కంపెనీల వాళ్లు వచ్చే సభలో ఎవరో ఒకరు తమ కథ చెప్పాలి. ఈసారి మేడం ఆమెను ఎంచుకుంది.

"నాన్న ఐసు మోస్తాడు, అమ్మ బట్టలు కుడుతుంది, బాగా చూసుకున్నారు. ఇంతేనా?" అంది మేడం, అంతా విని.

"అంతే మేడం."

"ఇలా అయితే ఎవరి మనసూ కరగదమ్మా. ఎక్కడో ఒక దెబ్బ ఉండాలి. మీ నాన్న తాగుతాడా?"

"లేదు మేడం."

"పోనీ, ఇదివరకు?"

ఆ పిల్ల తల దించుకుంది. ఎదురు చెప్పలేకపోయానని తర్వాత తనకు తాను నచ్చజెప్పుకుంది గాని, అప్పుడు మనసులో మెదిలింది వేరు. చప్పట్లు కొడుతున్న హాలు కళ్లముందు కనబడింది. ఐసు మోసే నాన్న కంటే తాగుడు మానేసిన నాన్న గొప్పగా అనిపించాడు.

"ఇదివరకు... కొంచెం," అంది.

సభ అయ్యాక ఆయన కూతురి దగ్గరికి నడిచొచ్చాడు. "మీరేనా నాన్నగారు?" అంది మేడం. పక్కనున్న కంపెనీ పెద్దాయన చొరవగా చేయి పట్టుకుని, ఆ చల్లదనానికి ఉలిక్కిపడి వదిలేశాడు.

"మనిషి మారడమంటే మాటలు కాదండీ. పూర్తిగా మానేసినట్టేనా?"

ఆయన కూతురి వైపు చూశాడు. ఆ చూపులో కోపం లేదు. ఏం చెప్పమంటావని అడిగినట్టుంది. ఆమె మొహం తిప్పుకుంది.

"మానేశానండి," అన్నాడు.

తిరుగు బస్సులో ఆయన ఆ ఊసే ఎత్తలేదు. "నీ గొంతు వెనక దాకా బాగా వినబడింది తల్లీ," అన్నాడంతే. నాలుగు తిట్టినా బాగుండేది. ఆమెకు తల కొట్టేసినట్టయింది.

మర్నాడు క్లాసులో మేడం సంబరంగా ఉంది. "వచ్చే వారం పెద్ద హాల్లో మళ్లీ చెప్పాలమ్మా. ఈసారి మీ నాన్నగారిని కూడా వేదికెక్కిద్దాం."

"నేను చెప్పను మేడం."

క్లాసంతా తిరిగి చూసింది.

"భయమేస్తోందా? ఊపిరి తీసుకో."

"భయం కాదండీ. మా నాన్న తాగడు. ఎప్పుడూ తాగలేదు. నేను చెప్పింది అబద్ధం."

మేడం మొహం పాలిపోయింది. ఎంత ఎక్కువమంది పిల్లలకు ఉద్యోగాలు చూపిస్తే ఆ కోర్సు, ఆ కోర్సుతో పాటు ఆవిడ కొలువు అంత ఎక్కువ కాలం నిలుస్తాయి. దగ్గరికొచ్చి, "నీ ఉద్యోగం సంగతి ఆలోచించుకున్నావా?" అంది, గొంతు తగ్గించి.

ఆ పిల్ల తన చోట కూర్చుంది. నిజం చెప్పేస్తే సిగ్గు దిగిపోతుందనుకుంది. దిగలేదు. చెప్పాల్సిన చోటు ఇది కాదని అర్థమైంది.

సాయంత్రం ఐసు ఫ్యాక్టరీకి వెళ్లింది. అక్కడికి వెళ్లడం అదే మొదలు. సభలో చెప్పిన కథ తనకంటే ముందే అక్కడికి చేరిపోయింది.

"ఏం బావా, మమ్మల్నొదిలేసి ఒక్కడివే ఎక్కడ తాగేవాడివి? మాకో గుక్క పోస్తే నీ సొమ్మేం పోయేది?" అంటున్నాడు దిమ్మె లాగుతున్న ఒకతను. అందరూ విరగబడి నవ్వుతున్నారు.

నాన్న కూడా నవ్వాడు. "మానేశాను కదా. ఇప్పుడడిగితే ఏం లాభం?"

అంతలో గుమ్మం దగ్గర కూతురు కనబడింది. నవ్వు చప్పున ఆగిపోయింది.

"లోపలికి రాకు తల్లీ, జారుతుంది."

ఆమె చెప్పులు విప్పి ఆ తడి నేల మీద కాలు పెట్టింది. చలి అరికాళ్ల నుంచి జివ్వున పైకెక్కింది.

"నాన్నా," అని పిలిచింది, అందరికీ వినబడేలా.

కొక్కేలు ఆగాయి.