మూడో ఛానల్

ఆరో తరగతితో బడి మానేశాను. ఆ తర్వాత నేర్చుకున్నదంతా మిక్సర్ దగ్గరే. మా చుట్టాల్లో చదువుకున్నవాళ్లు నన్ను మైకోడు అంటారు. వాళ్లింట్లో శుభకార్యం వస్తే మాత్రం వావి వరసలు గుర్తొస్తాయి, మైక్ సెట్ ఊరికే వస్తుందని. నన్ను మనిషిగా చూసింది మా చెల్లెలొక్కతే. అందుకే ఆ రోజు ఆమె కోసం మిక్సర్ దగ్గర కూర్చున్నాను.

ఆమె పనిచేసే రంగుల ఫ్యాక్టరీలో బాయిలర్ పేలి ముగ్గురు పోయారు. ఆవిరి బయటికి వదిలే వాల్వ్‌ను తీగతో కట్టేయించింది ఎవరో మా చెల్లెలికి తెలుసు, కళ్లారా చూసింది. ముందు సాక్ష్యం చెబుతానన్న ఫిట్టర్‌ని ఎవరో మోటార్‌సైకిల్‌తో గుద్ది పోయారు. ఆయన ఇంకా మంచం దిగలేదు. అందుకని చెల్లెలు విచారణాధికారిని మూడు అడిగింది. తాను తెర వెనక కూర్చోవాలి, తన గొంతు మార్చి వినిపించాలి. మిక్సర్ దగ్గర అన్నయ్యే ఉండాలి. మేం తోడబుట్టినవాళ్లమని విచారణ జరిగే హాల్లో అధికారికి తప్ప ఎవరికీ తెలియదు.

"నీకు మైకెందుకే, వీధి చివర నుంచి పిలిస్తే ఇక్కడ గిన్నెలు దొర్లుతాయి," అని చిన్నప్పుడు ఏడిపించేవాణ్ణి. ఇప్పుడు ఆ గొంతునే దాచాలి.

ఏర్పాటు పెద్ద కష్టమేం కాదు. ఆమె మైకు మూడో ఛానల్లోకి వస్తుంది. దాని ఫేడర్, అంటే వేలితో పైకీ కిందికీ జరిపే మీట, పూర్తిగా కిందికి లాగి ఉంచాను. మూడోదాని నుంచి గొంతు మార్చే పెట్టెకు ఒక వైరు, ఆ పెట్టె నుంచి నాలుగో ఛానల్‌కు ఇంకో వైరు. నాలుగు పైకి జరిపితే హాల్లో వినపడేది దగ్గుతో బొంగురుపోయిన ముసలాయన గొంతు. ఆమె అసలు గొంతు హెడ్‌ఫోన్స్‌లో నాకొక్కడికే. గుసగుసగా మాట్లాడుతోందని మూడోదానికి గెయిన్, అంటే మైకు గొంతును లాగే బలం, బాగా పెంచాను. మూడో ఫేడర్ ఎక్కడ చెయ్యి తగిలి జరుగుతుందోనని దాని మీద టేపు కూడా అంటించాను. అంత జాగ్రత్తపడ్డాను.

హాలు నిండిపోయింది. ముందు వరుసలో ఫ్యాక్టరీ సూపర్‌వైజర్ కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు. చోటు దొరకనివాళ్లు బయట వరండాలో స్పీకర్ కింద ఉన్నారు. అధికారి అడిగితే చెల్లెలు మొదలుపెట్టింది. ఎన్నేళ్లుగా పనిచేస్తోందో, ఆ పూట తన డ్యూటీ ఎక్కడో చెప్పింది. హాల్లో ముసలాయన గొంతు బ్రహ్మాండంగా వస్తోంది. నా పనితనానికి నాకే ముచ్చటేసింది.

అంతలో ఎవరో తలుపు తీసుకుని లోపలికొచ్చారు. ఆ సందులోంచి వరండా స్పీకర్ వినపడింది. ముసలాయన గొంతు, దాని మీద చక్కగా, కడిగిన గ్లాసులా మా చెల్లెలి గొంతు.

మిక్సర్ మీదికి వంగాను.

వరండా స్పీకర్‌కు ప్రతి ఛానల్ మీదా విడిగా తిప్పే ఒక నాబ్ ఉంటుంది. ఆ నాబ్‌కు ఫేడర్‌తో పనిలేదు, అది ఫేడర్‌కన్నా ముందే శబ్దాన్ని పట్టుకుపోతుంది. కుళాయి ఎంత బిగించినా, అంతకుముందే పైపుకు బెజ్జం ఉంటే నీళ్లాగవు కదా. పొద్దున పరీక్ష కోసం అన్ని ఛానళ్ల మీదా ఆ నాబ్ తెరిచాను. మూడోదాని మీద మూయడం మరిచాను. ఇరవై ఏడేళ్ల సర్వీసు, టేపు అంటించే తెలివి, తీరా చేసింది ఇది.

నాబ్ సున్నాకు తిప్పాను. అయినా జరగాల్సింది జరిగిపోయింది. లోపలికొచ్చిన మనిషి నా బల్ల దగ్గరే ఆగాడు. చేతిలో టీ గ్లాసు. ఇందాక సూపర్‌వైజర్‌ని దింపిన కారు డ్రైవర్. మా చెల్లెలి ఇంటికి రెండిళ్ల అవతల ఉంటాడని ఆమె చెప్పగా విన్నాను. నేనెవరో అతనికి తెలియదు.

"అన్నా, తెర వెనకున్నది ఎవరు?" అన్నాడు మెల్లగా. "బయట డబ్బాలో మా వీధి అక్క మాట్లాడినట్టుంది."

నాకు తెలియదన్నాను. వైరు తేడా చేసి గొంతు అలా చీలిందన్నాను. నా మాట నాకే అబద్ధంలా వినపడింది. అతను తల ఊపాడు, నమ్మినట్టు కాదు. గోడకు ఆనుకుని యజమాని వైపు చూస్తూ నిలబడ్డాడు. సూపర్‌వైజర్ ఒక్కసారి తల తిప్పితే చాలు.

ఫిట్టర్ మంచం నా కళ్ల ముందు కనిపించింది. మంచం అదే, పడుకున్నది మాత్రం ఫిట్టర్ కాదు.

చెల్లెలు ఇంకా అసలు సంగతికి రాలేదు. రెండు ఛానళ్లూ మ్యూట్ చేశాను. మైకు వైరు చూడాలని అధికారికి సైగ చేసి, తెర వెనక్కి వెళ్లాను. ఆమె పక్కన ఒక మహిళా పోలీసు ఉంది. నా మొహం చూడగానే చెల్లెలు లేచింది. జరిగింది దాచకుండా చెప్పాను. వెనక గుమ్మం తీసే ఉంది, పద, వెళ్లిపోదాం, ఇంకేం చెప్పొద్దు అన్నాను.

ఎవరు విన్నారని అడిగింది. చెప్పాను. ఎంత విన్నాడంది. రెండు ముక్కలన్నాను.

"రెండు ముక్కలకే పట్టేశాడా?" అంది. నవ్వబోయింది, పెదవులు సహకరించలేదు. చీర కొంగుతో అరచేతులు తుడుచుకుంది. తర్వాత మెల్లగా అంది. "ఇప్పుడు వెళ్లిపోతే ఆ డ్రైవర్‌కి, వాళ్ల యజమానికి తప్ప నా సంగతి జనంలో ఎవరికీ తెలియదు అన్నయ్యా. రేపు నన్ను ఏ బండి గుద్దినా అడిగేవాడుండడు. ఆ ముసలాయన్ని తీసెయ్. నా గొంతే పెట్టు."

కుదరదన్నాను. నీ పిల్లలున్నారన్నాను. అమ్మ ఉంటే ఒప్పుకునేదా అన్నాను.

"నిన్ను నమ్ముకునే వచ్చాను. ఇదొక్కటి చెయ్యి," అని మళ్లీ కుర్చీలో కూర్చుంది.

వెనక్కి వచ్చి టేపు పీకాను. గోళ్లకు అందక మూడుసార్లు జారింది. నాలుగో ఫేడర్ దించాను. మూడోదాని గెయిన్ ముందు తగ్గించాలి, లేకపోతే హాలంతా కీచుమంటుంది. తగ్గించాను. మ్యూట్ తీసి ఫేడర్‌ను గోరంత గోరంత పైకి జరిపాను. ముందు ఊపిరి వినపడింది. తర్వాత మా చెల్లెలు.

అధికారి ఉలిక్కిపడి, ఎవరయ్యా అది మార్చింది, వెంటనే ఆపమన్నాడు. నా వేలు మ్యూట్ మీదికి వెళ్లింది కూడా.

"ఆయన్నేమీ అనకండి సార్," అంది తెర వెనక నుంచి. ఇప్పుడు గుసగుస లేదు. "మిక్సర్ దగ్గరున్నది మా సొంత అన్నయ్య. నేనే మార్చమన్నాను. ఇక రాసుకోండి. వాల్వ్‌కి తీగ కట్టమన్నది ముందు వరుసలో కూర్చున్న సూపర్‌వైజర్ గారు."

హాల్లో తలలన్నీ తెర వైపు తిరిగాయి, ఆ తర్వాత నా వైపు. సూపర్‌వైజర్ కాలు దించి కుర్చీలోనే వెనక్కి తిరిగాడు. నా మొహాన్ని చాలాసేపు చూశాడు, గుర్తుపెట్టుకునేవాడిలా. మైకులో నన్ను ఒక్కసారైనా ఎవరైనా మావాడని చెప్పుకోవాలని ఇన్నేళ్లూ లోపల కుళ్లిపోయాను. తీరా చెప్పుకున్న పూట బల్ల కింద దూరాలనిపించింది. గోడ దగ్గర డ్రైవర్ లేడు. ఎటు వెళ్లాడో, ఎవరికి ఫోన్ చేస్తున్నాడో తెలియదు.

చెల్లెలు ఆగకుండా చెబుతోంది. అప్పుడు వరండాలో ఉన్నవాళ్లు గుర్తొచ్చారు. మూడోదాని నాబ్ మూసే ఉంది కాబట్టి వాళ్లకిప్పుడు ఏమీ వినపడటం లేదు. ఎంత ఎక్కువమంది వింటే ఆమెకంత మేలు. మూడో ఛానల్ మీద ఆ నాబ్ పట్టుకుని చివరిదాకా తిప్పాను.